లేబుళ్లు పోయిన అయిదు స్లైడ్లు: వీటిలో వంగ పుప్పొడి ఏది, మిరప ఏది?

గౌతమి_పాయ | 4 జనవరి, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్సీ బాటనీ రెండో ఏడాది చదువుతున్నాను. వంగ కుటుంబం మొక్కల పుప్పొడి మీద ప్రాజెక్టు. పోయిన ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూలు కోసుకొచ్చి స్లైడ్లు చేసుకున్నాను. ఇంట్లో బీరువా మీద పెట్టిన డబ్బాలోకి అక్టోబరు వానలకి పెంకుల్లోంచి నీళ్లు కారాయి. కాగితం లేబుళ్ల మీద ఇంకుపెన్నుతో రాసిందంతా నీలం మరక అయిపోయింది. స్లైడ్లు మాత్రం బాగానే ఉన్నాయి.

నోట్సులో పేర్లున్నాయి: వంగ, మిరప, కామంచి, ఉమ్మెత్త, పొగాకు. ఏ స్లైడు ఏదో మాత్రం తెలియదు. అందుకే వాటికి అ, ఆ, ఇ, ఈ, ఉ అని పేర్లు పెట్టాను. 'అ'లో రేణువులు బాగా పెద్దవి, పైన గీతలు గీతలుగా ఉంది. 'ఆ'లో ఉన్నవి దానికంటే చిన్నవి. మిగతా మూడూ నా కంటికి ఒకేలా ఉన్నాయి. అన్నిట్లోనూ మూడేసి గాళ్లు, గాడి మధ్యలో ఒక్కో రంధ్రం. అన్నీ ఒకే కుటుంబం కాబట్టి అలా ఉన్నాయనుకుంటున్నాను. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి గైడ్ గారికి రిపోర్టు ఇవ్వాలి. టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చూపించండి.

కడియపులంక_కుర్రోడు | 4 జనవరి, రాత్రి 10:15

చెల్లెమ్మా, మిరపది కనుక్కోవడం తేలికే. నాలిక మీద పెట్టుకో 😄

సరదాకి అన్నాను, నిజంగా పెట్టుకోకు. అందులో ఉమ్మెత్త కూడా ఉందన్నావు.

బోటనీ_మాస్టారు | 5 జనవరి, ఉదయం 6:05

ముందు చిన్న చీవాటు. స్లైడు మీద కాగితం లేబులు ఒక్కటే పెట్టకూడదని మేం మొదటి ప్రాక్టికల్ క్లాసులోనే చెప్పేవాళ్లం. అద్దం అంచున వజ్రపు మొన పెన్సిల్‌తో నంబరు గీకాలి, కాగితం మీద పెన్సిల్‌తోనే రాయాలి. సరే, అయిందేదో అయింది.

ఇప్పుడు ప్రశ్నలు. దేనిలో మౌంట్ చేశావు? ఎసిటోలిసిస్ చేశావా, లేక పచ్చి రేణువులేనా? ఎన్ని రెట్లలో చూస్తున్నావు? కొలిచావా? కొలిస్తే ఒక్కో స్లైడులో ఎన్ని రేణువులు కొలిచావు?

ఇంకోటి. "ఒకే కుటుంబం కాబట్టి మూడు గాళ్లు" అన్నావు. ఆ మాట రిపోర్టులో రాయకు. మామిడి పుప్పొడికీ మూడు గాళ్లే, చింతకీ మూడే. పూలు పూసే మొక్కల జాతుల్లో నాలుగింట మూడు వంతులు ఒక పెద్ద శాఖ కిందికి వస్తాయి, ఆ శాఖ మొత్తానికీ మూల గుర్తు ఈ మూడు గాళ్ల పుప్పొడి. తర్వాత కొన్ని గాళ్లు పెంచుకున్నాయి, కొన్ని గాళ్లు పోయి రంధ్రాలే మిగుల్చుకున్నాయి. వంగ కుటుంబం తాతలనాటి పద్ధతిని చాలావరకు అలాగే ఉంచుకుంది. ముగ్గురికీ రెండు చెవులున్నాయి కాబట్టి అన్నదమ్ములంటే ఎలా?

గౌతమి_పాయ | 5 జనవరి, ఉదయం 8:30

మాస్టారూ, చీవాట్లు తిన్నాను. ఎసిటోలిసిస్ చెయ్యలేదండీ. పరాగకోశాలను స్పిరిట్‌లో కడిగి, బేసిక్ ఫుక్సిన్ కలిపిన గ్లిసరిన్ జెల్లీలో పెట్టాను. చూస్తున్నది 400 రెట్లలో. స్లైడుకి పదేసి రేణువులు కొలిచాను. సగటున అ 56 మైక్రాన్లు, ఆ 40, ఇ 33, ఈ 24, ఉ 29. ఒక పేపర్లో వేసిన అంకెలతో పోల్చి చూశాను, ఒక్కటీ కలవలేదు. నావన్నీ పెద్దగా వస్తున్నాయి.

తణుకు_పరాగం | 5 జనవరి, ఉదయం 10:20

కలవవు. పరాగశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఈ తప్పు నేనూ చేశాను. ఆ పేపర్లో ఎసిటోలిసిస్ చేసిన రేణువులు కొలిచి ఉంటారు. 9 పాళ్ల ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, 1 పాలు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడిచేస్తే లోపలి పదార్థమంతా కరిగిపోయి, స్పోరోపొల్లెనిన్‌తో చేసిన పై పెంకు ఒక్కటే మిగులుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త ఎర్ట్‌మన్ నేర్పిన పద్ధతి ఇది. పెంకు మీద నగిషీ స్పష్టంగా కనబడాలంటే ఇదే మార్గం. కానీ ఇంట్లో చెయ్యకు. ఆ ద్రవంలో నీటి చుక్క పడితే చిందుతుంది. ఆవిర్లు బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టుకోవద్దు.

రెండోది, గ్లిసరిన్ జెల్లీలో రేణువులు నెలలు గడిచేకొద్దీ ఉబ్బుతాయి. నీ స్లైడ్లకి పది నెలలు. అందుకే సిలికాన్ ఆయిల్ వాడేవాళ్లున్నారు. నీ అంకెల్ని బయటి అంకెలతో పోల్చకు, వాటిలో వాటినే పోల్చు. ఒకే కాలంలో, ఒకే జెల్లీలో చేశావు కాబట్టి చిన్నా పెద్దా వరస నమ్మొచ్చు.

'అ' ఉమ్మెత్త. ఇందులో అనుమానం లేదు.

బోటనీ_మాస్టారు | 5 జనవరి, ఉదయం 10:50

నాదీ అదే మాట. మిగతా నాలుగింటికీ పైపెంకు దాదాపు నున్నగానో, సన్నటి ఇసక చల్లినట్టో ఉంటుంది. ఉమ్మెత్తకి మాత్రం దువ్వెనతో దువ్విన జుట్టులా గీతలు. పరిమాణం కూడా సాక్ష్యమే. సాయంత్రం విచ్చుకుని తెల్లారేసరికి వాలిపోయే పువ్వు అది. రాత్రి తిరిగే హాక్ మాత్‌ల కోసం పూస్తుంది. ఆ పొడవాటి గరాటు పువ్వులో పరాగనాళం కీలం పొడుగునా కిందికి దిగాలి. పెద్ద రేణువులో దారి బత్తెం ఎక్కువుంటుందని ఒక వాదన ఉంది. నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోను గానీ, కొట్టిపారేయను కూడా.

ఉమ్మెత్త పూలు తుంచిన చేత్తో కళ్లు నలుముకోకు తల్లీ. కంటిపాప విచ్చుకుని ఒకట్రెండు రోజులు మసకగా కనిపిస్తుంది. మా స్టూడెంటు ఒకడికి సరిగ్గా పరీక్ష ముందు రోజు అలా అయింది.

లంక_రైతు | 5 జనవరి, మధ్యాహ్నం 1:30

నాకు మైక్రోస్కోపులు తెలీవు. ఒక అనుమానం. పొగాకు పువ్వు మీకెక్కడ దొరికిందమ్మా? మేం లంకల్లో చుట్ట పొగాకు వేస్తాం. మొగ్గ కనపడగానే తల తుంచేస్తాం. పువ్వు పూసిందంటే బలమంతా పైకి పోయి ఆకు పలచబడిపోతుంది. చేలో పువ్వు కనబడితే ఆ రైతు బద్ధకస్తుడని లెక్క, ఆయ్.

గౌతమి_పాయ | 5 జనవరి, మధ్యాహ్నం 2:10

బాబాయ్ గారూ, విత్తనానికని నాలుగు మొక్కలు వదిలేశారు ఒక రైతు. లేత గులాబీ రంగు పూలు. అక్కడే కోశాను. వంగ, మిరప పూలు కూడా ఆ లంకలోవే. కామంచి మా ఇంటి నూతి వెనకాల కొబ్బరిచెట్ల కింద మొలిచింది. ఉమ్మెత్త కాలవ గట్టు మీదిది.

లంక_రైతు | 5 జనవరి, మధ్యాహ్నం 2:25

అలాగైతే సరే. విత్తనం మొక్కలంటే పువ్వు ఉంటుంది. పొగాకు మొదట్లో నేలలోంచి పొడుచుకొచ్చే ఆకుల్లేని మొక్కొకటి ఉంటుంది, మేం పొగాకు మల్లె అంటాం. దాని పువ్వు కోసుకొచ్చి పొగాకు అనుకున్నారేమోనని అడిగాను.

తణుకు_పరాగం | 5 జనవరి, సాయంత్రం 4:00

మంచి అనుమానం అండీ. పొగాకు మల్లెది వేరే కుటుంబం. పొగాకు వేరు పట్టుకుని తిండి లాక్కుంటుంది గానీ చుట్టరికం లేదు.

గౌతమీ, పొగాకుని పట్టుకునే గుర్తు ఒకటుంది. 'ఆ' స్లైడులో రేణువుల్ని ధ్రువం వైపు నుంచి, అంటే పై నుంచి చూడు. అన్నీ ముక్కోణంగా ఉన్నాయా? నలుపలకగా, నాలుగు గాళ్లున్నవి కూడా కలిసి ఉన్నాయా?

గౌతమి_పాయ | 5 జనవరి, రాత్రి 8:45

అక్కా! ఉన్నాయి. వంద లెక్కపెడితే సుమారు మూడో వంతు నాలుగు గాళ్లవి. అవి పాడైపోయిన రేణువులనుకుని ఇన్నాళ్లూ లెక్కలోంచి తీసేశాను.

తణుకు_పరాగం | 5 జనవరి, రాత్రి 9:05

అదే పొగాకు. ఒకే పువ్వులో మూడు గాళ్లవీ నాలుగు గాళ్లవీ కలిసి ఉండటం దాని అలవాటు. నిష్పత్తి మొక్కని బట్టి మారుతుంది. పొగాకు రెండు అడవి జాతులు కలిసి పుట్టిన మొక్క, క్రోమోజోములు 48, అంటే నాలుగు సెట్లు. సెట్లు పెరిగిన మొక్కల్లో రేణువు పెద్దదవడం, గాళ్ల సంఖ్య పెరగడం చాలా కుటుంబాల్లో కనిపించేదే. తీసేసినవన్నీ మళ్లీ లెక్కలోకి తీసుకో.

పాత_ఫ్లోరా | 6 జనవరి, ఉదయం 7:20

చర్చ బాగుంది. ఒక మాట అడుగుతాను. మా రోజుల్లో పొగాకు ఒక ఉపకుటుంబం, వంగ, మిరప, ఉమ్మెత్త ఇంకో ఉపకుటుంబం. విత్తనంలో పిండం వంకరగా ఉంటే ఇటు, తిన్నగా ఉంటే అటు. తేలిగ్గా గుర్తుండేది. టమాటా అంటే లైకోపెర్సికాన్. ఇప్పుడు అన్నీ మార్చేశారు. డీఎన్ఏ వాళ్లు ఏం చెబితే అదేనా? కళ్లకు కనిపించే పువ్వు, కాయ, పుప్పొడి ఇవన్నీ దండగేనా?

తణుకు_పరాగం | 6 జనవరి, ఉదయం 9:40

దండగ కాదండీ. టమాటా సంగతి చూడండి. లిన్నేయస్ 1753లో దాన్ని సొలానమ్‌లోనే, అంటే వంగ ప్రజాతిలోనే పెట్టాడు. మిల్లర్ 1754లో విడదీసి లైకోపెర్సికాన్ అన్నాడు. 1993లో క్లోరోప్లాస్టు డీఎన్ఏ ఆధారంగా స్పూనర్, మరి ఇద్దరు కలిసి దాన్ని మళ్లీ సొలానమ్‌లోకి తెచ్చారు, బంగాళదుంప పక్కనే. కాబట్టి కొత్త పేరు అనుకుంటున్నది లిన్నేయస్ నాటి పేరే. టమాటా పుప్పొడినీ బంగాళదుంప పుప్పొడినీ కాలేజీ మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమంటే నేను ఓడిపోతాను.

పొగాకు విషయంలో కూడా మనకి కనబడే సాక్ష్యం ఉంది: క్రోమోజోముల లెక్క. వంగ, మిరప, ఉమ్మెత్త, కామంచి, పొగాకు అన్నిటికీ మూల సంఖ్య, అంటే ఒక సెట్టులో ఉండే క్రోమోజోములు, 12. పెటూనియాకి 7. నైట్ క్వీన్ మొక్కకి 8. డీఎన్ఏ చెట్టు గీస్తే పన్నెండు వాళ్లంతా ఒకే కొమ్మ మీదికి వచ్చారు. పొగాకు ఇటు దగ్గరే తప్ప నైట్ క్వీన్‌కి కాదు. పిండం తిన్నగా ఉండటం పాత లక్షణం, పాతది మిగిలిపోయినంత మాత్రాన దగ్గరి బంధుత్వం కాదు. మాస్టారు మూడు గాళ్ల గురించి చెప్పిందే ఇక్కడా.

కడియపులంక_కుర్రోడు | 6 జనవరి, ఉదయం 11:30

ఆగండాగండి. నైట్ క్వీన్, వంకాయ ఒకే కుటుంబమా? మేం రెండూ అమ్ముతాం, పక్కపక్కనే పెడతాం, ఎప్పుడూ అనుకోలేదు.

మా నర్సరీ పరీక్ష చెబుతాను. అంటు కడితే అతుక్కుంటే బంధువులు, లేకపోతే కాదు. టమాటా నారుని అడవి వంగ వేరు మీద అంటు కడతాం, వడలు తెగులు రాదు. వారణాసి కూరగాయల పరిశోధనా సంస్థ వాళ్లు ఒకే మొక్కకి వంకాయలూ టమాటాలూ కాయించి బ్రిమాటో అని పేరు పెట్టారు. వంగ మీద మల్లె అంటు కట్టి చూడండి, వారంలో ఎండిపోతుంది.

బోటనీ_మాస్టారు | 6 జనవరి, మధ్యాహ్నం 12:10

ఈ కుర్రోడి పరీక్ష నాకు నచ్చింది. పుప్పొడికంటే అదే ఎక్కువ నమ్మదగ్గదేమో కూడా.

పాత_ఫ్లోరా గారూ, మీ బాధ నాకు తెలుసు. ముప్పై ఏళ్లు ఒక వరసలో పాఠం చెప్పి, రిటైరయ్యాక వరస మారిందంటే మింగుడుపడదు. కానీ ఒకటి గమనించండి. ఈ అమ్మాయి స్లైడ్లలో మిగిలిన ఆ మూడింటినీ కలిపి చూస్తే, పుప్పొడి ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుస్తుంది. దానికి ముందు తేనెటీగల గురించి తెలిసినవాళ్లెవరైనా మాట్లాడితే బాగుండును.

రాజోలు_తుమ్మెద | 6 జనవరి, రాత్రి 7:50

పిలిచారు కాబట్టి వచ్చాను 🙂 నేను పూల మీద వాలే పురుగుల్ని ఫోటోలు తీస్తుంటాను.

వంగ పువ్వుని దగ్గరగా చూడండి. మధ్యలో పసుపు పచ్చగా అయిదు పరాగకోశాలు నిటారుగా ఉంటాయి. అవి నిలువునా చీలవు. కొసన ఒక్కో దానికి రెండేసి చిన్న బెజ్జాలు, ఉప్పు డబ్బాకి ఉన్నట్టు. పువ్వులో తేనె ఉండదు. మామూలు తేనెటీగ వచ్చి కాసేపు తచ్చాడి, కింద రాలిందేదో ఏరుకుని పోతుంది. నల్ల తుమ్మెద, వెదురు బొంగుల్లో దూలాల్లో బొరియలు పెట్టేది, అది వస్తే చూడాలి. పువ్వుని కరిచి పట్టుకుని, రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాల్ని మాత్రం బిగించి 'జుమ్మ్' అంటుంది. ఆ అదురుకి బెజ్జాల్లోంచి పుప్పొడి పొగలా బయటికి చిమ్ముతుంది. ఎగిరేటప్పటి మోత వేరు, ఇది వేరు, కొంచెం కీచుగా ఉంటుంది. ఫిజిక్స్ ల్యాబులోని ట్యూనింగ్ ఫోర్క్ మోగించి పరాగకోశానికి ఆనిస్తే మీ చేతుల్లోనే జరుగుతుంది. మా పిల్లలకి చేసి చూపించాను, ఆ రోజంతా పెరట్లోనే ఉన్నారు.

టమాటాకి బెజ్జాల బదులు లోపలివైపు చీలిక ఉంటుంది గానీ, అయిదూ అతుక్కుని గొట్టంలా ఉండటంతో దానికీ ఊపే కావాలి. మిరప అలా కాదు. దాని పరాగకోశాలు నిలువునా విచ్చుకుంటాయి, ఏ ఈగ వచ్చినా అంటుకుంటుంది.

లంక_రైతు | 6 జనవరి, రాత్రి 8:30

ఈ మాట ముందే తెలిస్తే బాగుండేది. పోయినేడు వంగ తోటలో తేనెటీగల పెట్టెలు పెట్టించాను. కాపులో తేడా ఏమీ తెలియలేదు. పైగా సగం పూలు కాయ కట్టకుండానే రాలిపోతాయి ఎప్పుడూ.

బోటనీ_మాస్టారు | 6 జనవరి, రాత్రి 9:15

రాలడంలో ఈగల తప్పు లేదండీ. వంగలో పూలన్నీ ఒకటి కావు. పొడుగు కీలం పూలు, మధ్యరకం, పొట్టి కీలం పూలు, అన్నీ ఒకే మొక్క మీద పూస్తాయి. పొడుగు కీలం పువ్వులో కీలాగ్రం పరాగకోశాల పైకి వచ్చి ఉంటుంది, బెజ్జాల్లోంచి పడ్డ పుప్పొడి దానికి అందుతుంది, కాయ కడుతుంది. పొట్టివి ఉత్త మగపూల లెక్క, రాలిపోవలసినవే. రేపు పొద్దున్న రాలిన పూలు ఏరి మధ్యలో చీల్చి చూడండి.

ఇక అసలు మాట. బెజ్జాల్లోంచి చిమ్మాలంటే పుప్పొడి ఎలా ఉండాలి? చిన్నగా, పొడిగా, నున్నగా, ఒకదానికొకటి అంటుకోకుండా ఉండాలి. పెద్ద రేణువైతే బెజ్జంలో ఇరుక్కుంటుంది. జిగురుంటే ముద్దకడుతుంది. అందుకే వంగ, కామంచి, టమాటా, బంగాళదుంప అన్నిటి పుప్పొడీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టుంటుంది. తుమ్మెద పెట్టిన షరతు అది. ఏ చుట్టరికమూ లేకుండా, ఇలాగే బెజ్జాల్లోంచి చిమ్మించే పూలు తంగేడు జాతుల్లోనూ ఉన్నాయి. అక్కడా పుప్పొడి చిన్నది, పొడిది. కాబట్టి రెండు పుప్పొళ్లు ఒకేలా ఉన్నాయంటే తాత ఒక్కడే కావచ్చు, లేదా చేసే పని ఒకటే కావచ్చు. పుప్పొడి ఒక్కదాన్నే చూసి మొక్కల్ని వరసపెట్టినవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

తణుకు_పరాగం | 6 జనవరి, రాత్రి 10:30

మాస్టారితో సగం ఒప్పుకుంటాను. కుటుంబం లోపల పెద్ద గీతలు గియ్యడానికి పుప్పొడి పనికొస్తుంది. ఉమ్మెత్తనే చూడండి. నర్సరీల్లో ఏంజెల్ ట్రంపెట్ అని అమ్ముతారే, పూలు కిందికి వేలాడే చెట్టు, దాన్ని ఒకప్పుడు ఉమ్మెత్తలోనే కలిపేవారు. పెర్సూన్ 1805లో బ్రుగ్మాన్సియా అని విడదీశాడు. రెంటి పుప్పొడికీ ఆ గీతలున్నాయి, అవి దగ్గరివాళ్లే అని డీఎన్ఏ కూడా అంది. అంటే అక్కడ పుప్పొడి నిజమే చెప్పింది. కుటుంబం బయటికి వెళ్తే ఇంకా తేలిక. వంగ కుటుంబానికి అతి దగ్గరి కుటుంబం తూటికూరది. మన కాలవల్లో తేలే తూటికూర పుప్పొడి చూశారా? గుండ్రటి బంతి, ఒళ్లంతా ముళ్లు, చుట్టూ రంధ్రాలు. ఒక్క రేణువు కనబడితే చాలు, వంగ కాదని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

పాత_ఫ్లోరా | 7 జనవరి, ఉదయం 6:40

మాస్టారు చెప్పిన తుమ్మెద షరతు బాగుంది, ఒప్పుకుంటున్నాను. డీఎన్ఏ సంగతి ఇంకా ఆలోచించుకోవాలి.

ఒక చిన్న పక్క మాట. మన గోదావరి జిల్లా మొక్కల్ని శాస్త్రీయంగా మొదట రాసుకున్న చోటు సామర్లకోట. కంపెనీ డాక్టరు రాక్స్‌బర్గ్ 1781 నుంచి కలకత్తా వెళ్లేదాకా, అంటే 1793 దాకా, అక్కడే తోట వేసుకుని ఉన్నాడు. 1795లో మొదలైన ఆయన కోరమాండల్ మొక్కల సంపుటాల్లో మన వాళ్లు పిలిచే పేర్లు కూడా పెట్టాడు. ఆయన దగ్గర పుప్పొడి కొలిచే సాధనం లేదు. పేర్లు చెప్పే మనుషులున్నారు. ఇక్కడ కూడా అదే జరుగుతోంది.

గౌతమి_పాయ | 7 జనవరి, సాయంత్రం 5:30

ఇవన్నీ రిపోర్టులో పెట్టుకుంటాను, అనుమతి ఇవ్వండి 🙏 కానీ నా ఇ, ఈ, ఉ అలాగే ఉన్నాయి. పరిమాణం బట్టి 'ఇ' మిరప, 'ఉ' వంగ, 'ఈ' కామంచి అనుకోవచ్చా?

ఇంకోటి చెప్పడం మర్చిపోయాను. 'ఈ' స్లైడులో అక్కడక్కడ పొడుగ్గా పడవలా ఉన్న రేణువులున్నాయి. చాలా పెద్దవి, ఉమ్మెత్త అంత ఉన్నాయి. వాటికి ఒక్కటే గాడి, పడవ పొడుగునా. ఉమ్మెత్త రేణువు నలిగిపోయి అలా అయిందా?

బోటనీ_మాస్టారు | 7 జనవరి, సాయంత్రం 6:00

తల్లీ, కోనసీమలో పుట్టి ఆ పడవని గుర్తుపట్టలేదా? 😄 ఒకే గాడి అంటే మన మూడు గాళ్ల శాఖే కాదు. తాటి, కొబ్బరి వైపు వెతుకు.

లంక_రైతు | 7 జనవరి, సాయంత్రం 6:10

కొబ్బరి పుప్పొడి. ఆ కామంచి కొబ్బరిచెట్ల కింద మొలిచిందని ఆ అమ్మాయే చెప్పింది కదా. మా లంకలో వరద మునిగే నేల మీద కొబ్బరి లేదు, గట్టున ఉంది అంతే. కాబట్టి 'ఈ' అంటే ఇంటి దగ్గర కోసిన పువ్వు. ఇంటి దగ్గర కోసింది కామంచి ఒక్కటే.

తణుకు_పరాగం | 7 జనవరి, సాయంత్రం 6:25

బాబాయ్ గారూ, మీరు పోలీసు శాఖలో ఉండాల్సినవారు.

బోటనీ_మాస్టారు | 7 జనవరి, రాత్రి 7:00

తొందరపడకండి. స్పిరిట్‌లో కడిగినా పరాగకోశం పైన అంటుకున్న పొడి కొంత మిగులుతుంది, నిజమే. కానీ స్లైడు చేసేటప్పుడు గాల్లోంచి కూడా పడొచ్చు. అన్ని స్లైడ్లలోనూ పడవల్ని లెక్కపెట్టి చెప్పు. ఇంకో సంగతి, నూతి వెనకాల మొక్కకి పండ్లు ఏ రంగు? నిగనిగలాడే నలుపా, మాసిన నలుపా, నారింజ రంగా?

గౌతమి_పాయ | 8 జనవరి, ఉదయం 11:00

లెక్కపెట్టాను. అ: సున్నా. ఆ: సున్నా. ఇ: సున్నా. ఈ: 11. ఉ: 1. స్లైడ్లన్నీ కాలేజీ ల్యాబులో చేశాను, అక్కడ చుట్టుపక్కల కొబ్బరిచెట్లు లేవు.

పండ్లు నిగనిగలాడే నలుపు. చిన్నప్పటి నుంచి తింటున్నాం.

తణుకు_పరాగం | 8 జనవరి, ఉదయం 11:45

అయితే కుదిరింది. మనం కామంచి అని ఒకటే పేరుతో పిలిచేది నిజానికి ఒకటి కాదు. నిగనిగలాడే నల్ల పండుది సొలానమ్ అమెరికానమ్, క్రోమోజోములు 24. నారింజ పండుది సొలానమ్ విల్లోసమ్, 48. మాసిన నలుపుది అసలు సొలానమ్ నైగ్రమ్, 72. పాత పుస్తకాలు చాలావరకు మూడింటినీ నైగ్రమ్ అనే రాశాయి. ఈ గుంపులో పుప్పొడి నిజంగా పనికొస్తుంది: క్రోమోజోముల సెట్లు పెరిగేకొద్దీ రేణువు పెద్దదవుతుంది. మీ నూతి దగ్గరది 24 రకమైతే అయిదింట్లో అతి చిన్నది అదే అవ్వాలి. 'ఈ' అతి చిన్నదే. కొబ్బరి సాక్ష్యం, పరిమాణం, పండు మూడూ ఒకే మాట చెబుతున్నాయి.

రిపోర్టులో మాత్రం నైగ్రమ్ అని రాయకు.

లంక_రైతు | 8 జనవరి, మధ్యాహ్నం 12:05

మరి 'ఉ'లో ఆ ఒక్క కొబ్బరి?

బోటనీ_మాస్టారు | 8 జనవరి, మధ్యాహ్నం 12:30

మీ గట్టు మీది చెట్టు నుంచి గాలికి వచ్చి ఉంటుంది. ఒక్కదాన్ని పట్టుకుని ఏమీ చెప్పలేం. ఇక మిగిలింది ఇ, ఉ. 33కీ 29కీ తేడా 4 మైక్రాన్లు, అదీ పది రేణువుల సగటు మీద. నేనైతే సంతకం పెట్టను. వందేసి కొలువు. ఆ తర్వాత కొత్త వంగ పువ్వు, కొత్త మిరప పువ్వు తెచ్చి అదే జెల్లీలో పెట్టి చూడు.

లంక_రైతు | 8 జనవరి, మధ్యాహ్నం 12:40

ఇన్ని రోజులుగా అదే అనుకుంటున్నాను, చదువుకున్నవాళ్ల మధ్య ఎందుకులే అని ఊరుకున్నాను. చేలో వంగ పూత మీద ఉంది, మిరప కూడా ఉంది. భోగి ముందు రోజు రామ్మా. కూరకి వంకాయలు కూడా కోసుకుపోదువుగాని.

కడియపులంక_కుర్రోడు | 12 జనవరి, ఉదయం 9:15

పండగ ముందు మాకు బంతి, చామంతి లోడింగ్‌తో ఊపిరాడట్లేదు. థ్రెడ్ చదువుతున్నాను, కనిపించకపోయినా. కుప్పంటి సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? బుడ్డలో కాయ ఉంటుంది చూడండి, చిన్నప్పుడు నుదుటి మీద కొట్టుకుని టప్‌మని పేల్చేవాళ్లం. అదీ ఈ కుటుంబమేనా?

తణుకు_పరాగం | 12 జనవరి, ఉదయం 10:00

ఈ కుటుంబమే. పువ్వు కింది ఆకుపచ్చ గిన్నె పెరిగి కాయ చుట్టూ బుడ్డ అవుతుంది. అర్జెంటీనాలోని పటగోనియాలో 5 కోట్ల 20 లక్షల ఏళ్ల నాటి రాతిలో ఆ బుడ్డ బుడ్డగానే దొరికింది, ఈనెలతో సహా. 2017లో ప్రకటించారు. అప్పటిదాకా డీఎన్ఏ లెక్కలు ఈ కుటుంబం వయసు అందులో సగానికి కాస్త పైన అని చెప్పేవి. పాత_ఫ్లోరా గారికి ఈ కబురు నచ్చుతుంది.

పాత_ఫ్లోరా | 12 జనవరి, ఉదయం 10:20

చాలా నచ్చింది. పండగ ముందే అరిసెలు తిన్నట్టుంది.

గౌతమి_పాయ | 19 జనవరి, రాత్రి 8:20

ఆలస్యానికి క్షమించండి, పండగకి ఇంటినిండా చుట్టాలు.

బాబాయ్ గారి చేలో కొత్త పూలు కోశాను. పాత స్లైడ్లు వందేసి, కొత్తవి వందేసి కొలిచాను. కొత్త మిరప 30, కొత్త వంగ 26. పాత 'ఇ' 33, పాత 'ఉ' 29. పాతవి రెండూ మూడేసి మైక్రాన్లు ఉబ్బాయి, వరస మాత్రం మారలేదు. 'ఇ' మిరప, 'ఉ' వంగ. అక్క చెప్పినట్టు అంకెల పక్కన జెల్లీ వయసు కూడా రాశాను.

ఒక చమత్కారం జరిగింది. ల్యాబులో ట్యూనింగ్ ఫోర్క్ అడిగి తెచ్చి వంగ పువ్వుకి ఆనించాను. పుప్పొడి నిజంగానే పొగలా చిమ్మింది. మిరపకి ఆనిస్తే ఏమీ కాలేదు, అప్పటికే విచ్చుకుని అంతా పరాగకోశం మీదే ఉంది. గైడ్ గారు కూడా వచ్చి ఒకసారి చేసి చూశారు.

రాజోలు_తుమ్మెద | 19 జనవరి, రాత్రి 8:50

వీడియో తీశావా?

గౌతమి_పాయ | 19 జనవరి, రాత్రి 8:55

తియ్యలేదు అన్నయ్యా. ఒక చేతిలో ఫోర్క్, ఒక చేతిలో పువ్వు. రేపు మళ్లీ చేస్తాను.

బోటనీ_మాస్టారు | 20 జనవరి, ఉదయం 6:10

పని శుభ్రంగా చేశావు. కొత్త స్లైడ్ల మీద నంబర్లు గీకావా?

గౌతమి_పాయ | 20 జనవరి, ఉదయం 7:30

గీకాను మాస్టారూ. వజ్రపు పెన్సిల్ కొన్నాను.

లంక_రైతు | 20 జనవరి, ఉదయం 7:45

అద్దం మీద గీస్తే పోదా అమ్మా ఆ రాత? మా పంపుసెట్టు మీటరు అద్దం మీద నంబరు ఏటా వరదకి కొట్టుకుపోతోంది. ఎంతకి దొరుకుతుందో చెప్పు, నాకూ ఒకటి కావాలి.